మొద్దుకు పైన, బండికి కింద



కొబ్బరిచెట్టును నరికితే ఆ మొద్దు మళ్లీ చిగురు వేయదు. మన కోనసీమలో ఈ సంగతి చెప్పడానికి పాస్టరు అక్కర్లేదు, బడికెళ్లే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అయినా మేము ప్రతి డిసెంబరులో యెషయా గ్రంథం పదకొండవ అధ్యాయం తెరిచి, యెష్షయి మొద్దులోంచి వచ్చిన చిగురును గురించి ప్రకటిస్తాం. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు యోబు పద్నాలుగవ అధ్యాయం తీస్తాం. నరికిన చెట్టుకైనా నీళ్లు తగిలితే ఆశ ఉంటుందని యోబు చెప్పుకున్న భాగం చదివి, ప్రార్థన చేసి, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేస్తాం.

ఒక క్రిస్మస్ నెలలో అలాగే వాక్యం చెప్పి దిగాక, దింపు పని చేసే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, ఊహ తెలిసిన కాణ్ణించీ చెట్లెక్కుతున్నానండి. మొవ్వు పోయిన చెట్టు మళ్లీ లేవడం నేనెక్కడా చూళ్లేదండి. ఆ బైబిల్లో మొద్దు ఏ చెట్టుదండి?" అన్నాడు. వేళాకోళానికి అడగలేదు. వారం వారం చెట్టెక్కి బతికే మనిషి కాబట్టి, చెట్టు గురించి ఎవరైనా ఒక మాటంటే దాన్ని సరిచూసుకుంటాడు, అంతే.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. యెషయాకు తెలిసిన చెట్లు వేరు. ఆరవ అధ్యాయం చివర ఆయన సింధూరాన్నీ మస్తకి వృక్షాన్నీ పేరుపెట్టి చెబుతాడు. ఆ దేశంలో ఎటు చూసినా ఉండే ఒలీవ చెట్టును నేలమట్టానికి నరికినా మొదటి చుట్టూ పిలకలు లేస్తాయి. అలాంటి చెట్లకు బెరడు కింద సన్నని పచ్చి పొర ఒకటి మాను పొడుగునా ఉంటుంది. అందులో ఎక్కడినుంచైనా కొత్త మొగ్గ పుట్టగలదు. మన వేపా, చింతా అంతే. కొబ్బరికి ఆ పొర లేదు. దాని ప్రాణమంతా చిటారున, మట్టల నడుమ దాగున్న మొవ్వులోనే ఉంటుంది. అది పోతే కింద అరవై అడుగుల మాను నిక్షేపంగా ఉన్నా చెట్టు చచ్చినట్టే. అది బతికుంటే మాను పైపైన కాలినా, తొర్ర పడినా చెట్టు లేస్తుంది. తెలుగు బైబిలు తర్జుమా చేసిన పెద్దలు తొంభై రెండవ కీర్తనలో ఖర్జూరపు చెట్టు గురించి వచ్చినచోట సరిగ్గా ఈ 'మొవ్వు' అన్న మాటే వాడారు. ఖర్జూరం కూడా కొబ్బరి కుటుంబంలోదే. ఆ మాట ఎంచుకున్నవారెవరో గానీ తోటలు ఎరిగినవారే అయ్యుంటారని నాకనిపిస్తుంది.

మరి చిగురు వేయని మొద్దును ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మా నాన్నగారికి జవాబు తెలుసు. ఆయన పాస్టరు కాదు, కూలి చేసుకునే మనిషి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను సంగతి మన ప్రాంతంలో నా వయసువాళ్లు ఎవరూ మరచిపోరు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. తెల్లారి చూస్తే తోటలు లేవు, ఆకాశం ఉంది. నీడలో పెరిగినవాళ్లం, అంత ఆకాశం ఒక్కసారిగా కనబడితే భయమేసింది. కొన్ని చెట్లు వేళ్లతో సహా పడ్డాయి. కొన్ని నడిమికి విరిగి మొండి స్తంభాల్లా నిలబడ్డాయి. పడిన మాన్లు కొంత పనికొచ్చాయి. కాలువ మీద వంతెనలకూ, ఇళ్ల వాసాలకూ, వంటచెరకుకూ పోయాయి. మొద్దులు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఉచితంగా ఇస్తామన్నా తీసుకెళ్లేవాడు లేడు. అవి అలాగే నానుతూ కుళ్లుతూ ఉండిపోయాయి. తుపానుకు తట్టుకుని నిలబడ్డ కాసిని చెట్ల మీద ఆ తరువాత కొమ్ముపురుగు పడింది.

కొమ్ముపురుగు చూడనివాళ్ల కోసం రెండు మాటలు. నల్లగా, బొటనవేలంత, ముక్కు మీద ఖడ్గమృగానికున్నట్టు చిన్న కొమ్ముతో ఉంటుంది. అది గుడ్లు పెట్టేది బతికున్న చెట్టు మీద కాదు. కుళ్లిన మొద్దుల్లో, పెంటగుంటల్లో పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన లద్దె తెల్లగా, బలిసి, సున్నాలా చుట్టుకుని నెలల తరబడి ఆ కుళ్లునే తిని బతుకుతుంది. అప్పటిదాకా దానివల్ల ఎవరికీ హాని లేదు. చచ్చినదాన్నే తింటుంది. కానీ రెక్కలు వచ్చాక రాత్రిపూట లేచి, బతికున్న చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోతుంది. ఆ మొవ్వులోంచి తరువాత విచ్చుకున్న మట్ట చూస్తే కత్తెరతో త్రికోణాలుగా కత్తిరించినట్టు ఉంటుంది. పురుగు చేసిన గాయంలోంచి ఎర్రముక్కు పురుగు చేరితే చెట్టు దక్కడం కష్టం. అందుకే ఏ ఉద్యాన అధికారి వచ్చినా, అంబాజీపేట పరిశోధనా స్థానం వాళ్లనడిగినా, మందు సంగతి తరువాత, ముందు చచ్చిన మొద్దులు తీసెయ్యమంటారు.

నాన్న ఆ తుపాను తరువాత రెండేళ్లపాటు దాదాపు అదే పని చేశారు. గునపం, గొడ్డలి, పార, ఒక పాత గొలుసు, ఎవరిదో ట్రాక్టరు. నేను సెలవుల్లో వెంట వెళ్లేవాణ్ణి. ఆ పనిలో ఆయనకో సూత్రం ఉండేది: మొద్దుకు పైన, బండికి కింద. అంటే గొలుసు మొద్దుకు ఎంత ఎత్తులో కడితే అంత మంచిది, పీకేటప్పుడు పట్టు దొరుకుతుంది. ట్రాక్టరుకు మాత్రం ట్రక్కు తగిలించే హుక్కుకే, వీలైనంత కిందనే కట్టాలి. పైన కడితే మొద్దు కదలదు, బండి ముందు చక్రాలు లేస్తాయి. వెనక్కి తిరగబడటానికి రెండు క్షణాలు చాలు, డ్రైవరు దూకే వ్యవధి కూడా ఉండదు. అలా పోయిన ప్రాణాలు ఉన్నాయి. ఈ పని చేసే తమ్ముళ్లెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

ఇక నగరం సంగతికి వస్తాను.

మామిడికుదురు మండలంలో మా చుట్టుపక్కల భూమి కింద ఏముందో మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిపూట ఎర్రటి వెలుగు ఎక్కడెక్కడికో కనబడేది. తరువాత 2014 జూన్ 27, శుక్రవారం, తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలింది. లీకైన గ్యాసు మంచులా నేలమీద పరచుకుంది. నిప్పు తగిలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు, పిల్లలతో సహా. ఇళ్లు, బళ్లు, పశువులు, చుట్టూ ఉన్న కొబ్బరితోటలు మాడిపోయాయి. ఆ రోజుల్లో నేను చూసినవన్నీ ఇక్కడ రాయను. అవి రాయడానికి కాదు.

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. పేరు చెప్పను. ఆవిడ భర్త ఆ మంటల్లో గాయపడి కొన్నాళ్లకు ఆసుపత్రిలో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఇంటి వెనక పాతిక సెంట్ల తోట, పదిహేను చెట్లు. పదిహేనూ కాలాయి. తరువాత వానలకు అందులో రెండు చెట్ల మొవ్వు కదిలింది. మాను నల్లగా బొగ్గులా ఉంది, చిటారున పచ్చటి ఆకు. నేను వెళ్లి తలెత్తి చూసిన రోజున నోట మాట రాలేదు. మిగతా పదమూడూ లేవలేదు. మరుసటి ఏడు మాన్లు కొనేవాడు వచ్చి, ఛాతీ ఎత్తున కోసి పట్టుకుపోయాడు. పదమూడు మొద్దులు మిగిలాయి. (పన్నెండయితే ప్రసంగానికి బాగుండేది. పదమూడే.)

ఆవిడ ఆ మొద్దులను తియ్యనివ్వలేదు. మొదట్లో ఎవరూ అడగలేదు. తరువాత పక్క తోట రైతు అడిగారు. ఆయన మన విశ్వాసంలో ఉన్నవారు కాదు, మర్యాదస్థుడు. ఆయన రెండెకరాల్లోనూ కొమ్ముపురుగు పడుతోంది. మూడుసార్లు ఆవిణ్ణి అడిగి, లాభం లేక నా దగ్గరికి వచ్చారు. "పాస్టరుగారూ, ఖర్చు నేను పెట్టుకుంటానండి. ట్రాక్టరు కూడా నాదే. ఆవిడతో గట్టిగా అనడానికి నాకు నోరు రావట్లేదండి. మీరో మాట చెప్పండి" అన్నారు.

నేను వెళ్లాను. ఆవిడ వాకిట్లో పీట వేసింది. విషయం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "పైపులు మార్చేశారు, రోడ్డేశారు, ఇళ్లు కట్టేసుకున్నారు. ఇయ్యి కూడా తీసేస్తే ఇక్కడ ఏం జరిగిందో ఎవరికి తెలుత్తాదండి అయ్యగారూ?" అని అడిగింది.

ఆ మాటకు ఎదురు చెప్పగలిగిన మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి. అప్పటికే ఆవిడ దగ్గరకు ఇద్దరు ముగ్గురు సేవకులు వచ్చి వెళ్లారు. మరచిపొమ్మని ఒకరు, క్షమించకపోతే ప్రార్థన వినబడదని ఒకరు చెప్పి వెళ్లారు. హెబ్రీ పత్రికలోని చేదైన వేరు గురించి చెప్పి, ఆ వేరు నీలో ఉందమ్మా, పీకెయ్ అన్నారట. నాకిది నచ్చదు, నచ్చదనే చెబుతాను. వాక్యం సత్యమే. కానీ అప్పుడే పెనిమిటిని పోగొట్టుకున్న మనిషి దగ్గర గొలుసు బిగించి ఒక్క ఊపు ఊపితే వేరు రాదు, మనిషి తెగుతుంది.

పైగా కొబ్బరికి ఒక్క వేరు ఉండదు. మామిడి మొద్దయితే నాలుగైదు పెద్ద వేళ్లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చూసి కొట్టేస్తే మొద్దు చేతికొస్తుంది. కొబ్బరికి తల్లివేరే లేదు. దుంప చుట్టూ వేలకొద్దీ వేళ్లు, అన్నీ చూపుడువేలంత లావు. ఎన్నాళ్లయినా అంతకన్నా లావెక్కవు. ఏ ఒక్కదాన్ని లాగినా తెగుతుంది, ఏ ఒక్కటీ చెట్టును పట్టి నిలపడం లేదు. అన్నీ కలిసి పట్టుకుంటాయి. ఆవిడ దుఃఖం కూడా నాకు అలాగే కనబడింది. తెల్లవారుజాము ఐదున్నరకు మెలకువ రావడం. గ్యాసు పొయ్యి దగ్గరకు వెళ్లలేక కట్టెల పొయ్యి మీదే వండుకోవడం. రెండు గ్లాసులు తీసి ఒకటి మళ్లీ లోపల పెట్టడం. ఫోనులో కొడుకు "తిన్నావా అమ్మా" అంటే తిన్నానని అబద్ధమాడటం. ఇందులో ఏది ఆ చేదు వేరో నాకు చూపించమంటే నేను చూపించలేను.

కాబట్టి ఆ రోజు ఆవిడను ఏమీ ఒత్తిడి చేయలేదు. యెహోషువ నాలుగవ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దానులోంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టిన సంగతి మాత్రం చెప్పాను. రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే చెప్పడానికే ఆ రాళ్లు. "జ్ఞాపకానికి దేవుడు రాళ్లు పెట్టమన్నాడమ్మా, రాయి కుళ్లదు" అని లేచాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. పక్క రైతుకు కొంతకాలం ఆగమని చెప్పాను. ఆయన ఆగారు. ఆయన ఆగడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. నష్టం ఆయన తోటలో జరుగుతోంది.

ఆవిడ మనసు మార్చింది నా వాక్యం కాదు, దింపుకొచ్చిన మనిషి. మొదట్లో నేను చెప్పిన పెద్దాయనే. బతికిన ఆ రెండు చెట్లు ఎలా ఉన్నాయో చూద్దామని ఎక్కాడు. మొవ్వు దగ్గర రంధ్రం, రంధ్రంలోంచి నమిలి ఉమ్మేసిన పీచు. మొలకు వేలాడే వంకర చువ్వతో లోపల కెలికి, పురుగును గుచ్చి, దిగి, ఆవిడ చేతిలో పెట్టాడు. తరువాత గొడ్డలితో దగ్గర్లో ఉన్న మొద్దు ఒకటి పైన చీల్చాడు. లోపల పిండిలా నలిగిన కుళ్లు, అందులో తెల్లటి లద్దెలు చుట్టచుట్టుకుని ఉన్నాయి. "ఇదీ అదీ ఒకటేనమ్మా. ఇక్కడ పుట్టి అక్కడికెళ్తాది" అన్నాడు. అంతే. ఉపదేశం చేయలేదు.

చచ్చిన పదమూడింటిలో పెరిగినది బతికిన రెండింటి మొవ్వు తింటోంది. ఆవిడ ఆ సాయంత్రం నాకు ఫోను చేసింది. "ట్రాక్టరు పంపమని చెప్పండి అయ్యగారూ."

అది 2017 మే నెల. కాలువలు కట్టేసిన రోజులు. నేల ఇటుకలా ఉంది. ముందురోజు రాత్రి బోరు వేసి ఒక్కో మొద్దు మొదట్లో నీళ్లు పెట్టించాం. పొద్దున్నే మన సంఘం యౌవనస్థులు ఏడుగురు వచ్చారు. మొద్దు చుట్టూ మూరెడు ఎడంగా, మోకాలి లోతు కందకం తవ్వి, కనబడ్డ వేరునల్లా గొడ్డలితో కొట్టడం. ఇదే అసలు పని. ట్రాక్టరు పీకింది అని చెప్పుకుంటాం గానీ, ముప్పాతిక వంతు గునపమే పీకుతుంది. ఎండ ఎక్కేసరికి మూడు మొద్దుల చుట్టూ మాత్రమే అయ్యింది. పొక్లెయిను పిలిస్తే గంటలో అయిపోయేదిగా అన్నాడు ఒక తమ్ముడు. నిజమే, కానీ ఆ తోటలోకి వెళ్లే దారి మీద చిన్న తూము ఉంది, పొక్లెయిను ఎక్కితే అది నిలవదు. ట్రాక్టరయితే జాగ్రత్తగా దాటుతుంది.

డ్రైవరు కుర్రాడు, హుషారు ఎక్కువ. నేను చెబుతూనే ఉన్నాను, ముందు గొలుసు బిగువయ్యేదాకా నత్తలా వెళ్లు, బిగిశాక అప్పుడు మెల్లగా బరువు మోపు అని. "ఆయ్, అలాగేనండి" అంటూనే క్లచ్చి ఒక్కసారి వదిలాడు. వదులుగా ఉన్న గొలుసు ఎగిరి బిగిసింది, మొద్దు మీదనుంచి జారి, ట్రాక్టరు వెనక రేకుకు తగిలి మోగింది. గొలుసు మీద తడి గోనెసంచులు వేసి ఉంచబట్టి సరిపోయింది. అందరినీ గొలుసు పొడవుకు రెండింతల దూరంలో నిలబెట్టాం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. దేవునికి స్తోత్రం. కుర్రాడి మొహం పాలిపోయింది. బండి ఆపించి, దింపి, మంచినీళ్లు ఇచ్చి, నాన్న సూత్రం మళ్లీ చెప్పాను. మొద్దుకు పైన, బండికి కింద, ఊపు వద్దు.

రెండోసారి సరిగ్గా చేశాడు. మొద్దుకు బండివైపున పాత ట్రాక్టరు చక్రపు రిమ్ము ఒకటి నిలబెట్టి, గొలుసును దాని మీదుగా పోనిచ్చాం. అప్పుడు లాగుడు అడ్డంగా కాక పైకి తిరుగుతుంది. ఒకటో గేరు. వెనక చక్రాల కింద ఎండు మట్టలు తొక్కించాం జారకుండా. బండి ముక్కింది. ఏమీ కదల్లేదు. కాసేపటికి నేల మీద సన్నని పగులు. అప్పుడు వేళ్లు తెగడం మొదలైంది. పట, పట, పటపటమని, నేల లోపల్నుంచి.

ఆ చప్పుడుకు ఆవిడ ఇంట్లోకి వెళ్లిపోయి తలుపేసుకుంది.

మాకు అర్థమయ్యింది. ఎందుకో చెప్పుకోలేదు. డ్రైవరు తనంతట తానే ఇంజను కట్టేశాడు. గొలుసు బిగువుగానే ఉంది, మొద్దు సగం వంగి ఉంది. ఏడుగురు కుర్రాళ్లు, పక్క తోట రైతు, నేను, ఎండలో కూర్చున్నాం. నేను ప్రార్థన చేయలేదు, పాట ఎత్తలేదు. ఎంతసేపయ్యిందో తెలియదు. నీడ మారేంతసేపు కూర్చున్నాం. ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో మజ్జిగ బిందె, ఒక్కటే గ్లాసు. అందరికీ పోసింది. చివర, "కానివ్వండి. సగంలో వదిలేత్తే ఇంకా పాడు" అంది.

మొదటిది వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మొద్దు పక్కకు ఒరిగి, వేళ్ల గుత్తి మట్టితో సహా పైకి లేచినప్పుడు చూడాలి, అది ఎంత పెద్దదో! పైన కనబడే మొద్దుకన్నా కింద దుంప లావు. గొయ్యి మీద నిలబడి ఆవిడ చాలాసేపు చూసింది. ఎక్కణ్ణించి పసిగట్టాయో గానీ ఊళ్లో కోళ్లన్నీ వచ్చేశాయి, వాటి వెనక గోరింకలు. మేము ఒక మొద్దులో నలభై లద్దెల దాకా లెక్కపెట్టి మానేశాం, కోళ్లు మానలేదు. అంతసేపటికి ఆవిడ మొహంలో నవ్వులాంటిది వచ్చింది. ఎవరి పుంజో ఒకటి లద్దె మింగలేక మెడ సాగదీసి నానా తిప్పలు పడుతోంటే.

నాలుగు రోజుల్లో పన్నెండు తీశాం. తరువాతవి త్వరగా వచ్చాయి, కుళ్లు ఎక్కువున్నవి రెండు మూడు ముక్కలై వచ్చాయి. చీల్చి, ఎండబెట్టి, కాల్చేశాం. తోటలో మళ్లీ నిప్పు పెట్టడానికి మాకెవరికీ మనసొప్పలేదు, పక్క రైతు తన పొలం గట్టున పెట్టుకోమన్నారు. అక్కడికి ట్రక్కులో తోలాం.

పదమూడోది పెరటిగోడను ఆనుకుని ఉంది. లాగితే గోడ వస్తుంది. దాన్ని ఎవరు తీశారో చెబితే నమ్మరు. ఆవిడే. వంగి పారతో రోజూ పొద్దున కాసేపు, ఐదున్నరకు మెలకువ వచ్చినప్పుడు. మొద్దంతా తియ్యలేదు, వేళ్లు కొట్టి వదులు చేసింది, ఆఖర్న ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి గునపాలతో దొర్లించారు. దాదాపు నెల పట్టింది. ఎందుకమ్మా అంత కష్టం, మేమొస్తాం కదా అంటే, "పొద్దున్నే ఏదో ఒకటి ఉండాలి కదండి" అంది.

యిర్మీయాను దేవుడు పిలిచినప్పుడు ఆరు పనులు అప్పగించాడు. అందులో నాలుగు పెరికేవీ పడగొట్టేవీ. కట్టడం, నాటడం చివరి రెండు. బైబిలు కాలేజీలో ఈ ఆరూ బోర్డు మీద రాసి వివరించినప్పుడు నాలుగింటికి రెండే ఎందుకన్న ప్రశ్న నాకు రాలేదు. ఈ తోటలో వచ్చింది. పెరకడానికి నాలుగు రోజులు ఏడుగురు మనుషులు, ఒక ట్రాక్టరు. నాటడానికి ఆవిడ ఒక్కతే, ఒక పూట. జూన్ వానలు పడ్డాక పక్క రైతు తన నారుమడిలోంచి ఏడాది మొక్కలు ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు. పాత గోతుల్లో పెట్టలేదు. అక్కడ పాత వేళ్లు కుళ్లుతూ మట్టి దిగుతూ ఉంటుంది. రెండు గోతుల మధ్య కొత్తగా మూడడుగుల గుంట తీసి పెట్టారు. అందుకని వరసలు పాత తోట వరసల్లో లేవు. కొత్త తోట కొంచెం పక్కకు జరిగింది.

జ్ఞాపకం సంగతి ఆవిడ మరచిపోలేదు, నన్నూ మరవనివ్వలేదు. గోడ పక్కన పదమూడో మొద్దు ఉన్నచోట ఒక రాయి వేయించుకుంది. దాని మీద అక్షరాలేమీ లేవు. ప్రతి జూన్ 27 తెల్లవారుజామున మేము కొందరం అక్కడ నిలబడి ప్రార్థన చేస్తాం. ఏ మతంవారన్న లెక్క లేకుండా ఆ ఉదయం పోయినవారందరి పేర్లూ చదువుతాం. పేర్లు చదివేది ఆవిడే. తన భర్త పేరు దగ్గర ఆగదు, మిగతావాటితో పాటే చదువుతుంది. చివర పిల్లల పేర్ల దగ్గర మాత్రం గొంతు ఆగుతుంది. పక్క తోట రైతు కూడా వచ్చి చెప్పులు విడిచి వెనక నిలబడతారు.

బతికిన రెండు చెట్లలో ఒకటి ఇంకా కొంచెం వంకరగానే ఉంది. పురుగు కొట్టిన మట్టలు పెరిగి రాలిపోయాయి. మొవ్వులో వేపగింజల పొడి, ఇసుక కలిపి ఆ దింపు పెద్దాయనే రెండు మూడు నెలలకోసారి పోస్తూ వచ్చాడు. నల్లటి మాను అలాగే ఉంది, ఆ మసి పోదు. పైన కాయలున్నాయి. మొన్న కోత పండుగకు ఆ రెండు చెట్ల తొలి దింపు, ముప్పై ఒక్క కాయలు, బుట్టలో పెట్టుకుని గుడికి తెచ్చింది. ఆరాధన అయ్యాక వేలం పాడాం. పాట మామూలుగా మొదలై, మామూలుకు చాలా దాటిపోయింది. పాడుకున్నది ట్రాక్టరు కుర్రాడు. కాయలు ఏం చేసుకుంటావురా అంటే, తినడానికి కాదండి, మొలక కట్టుకుంటానండి అన్నాడు.